ఎక్కడ నిలబడి తీయాలి: చుక్క వీడియోల డైరీ

1వ రోజు

నాకు గుర్రపు స్వారీ నేర్పే కోచ్ మేడం ఉండేది వేరే ఊళ్లో. నెలకోసారి వచ్చి చూస్తారు, మిగతా రోజులన్నీ వీడియోలే. ఇన్నాళ్లూ ఎవరి చేతికి ఫోన్ దొరికితే వాళ్లు తీసిచ్చేవాళ్లు, నేను అలాగే పంపేసేదాన్ని. ఈసారి దాన్నే ఒక పనిగా పెట్టుకుని ఆరు వారాలు చేద్దామని మొదలుపెట్టాను. ఉన్న సరంజామా: ఒక ఫోన్, ఒక ట్రైపాడ్, సెలవుల్లో ఖాళీగా ఉన్న మా అక్క కూతురు, స్వారీకి కంచె కట్టిన 20 x 40 మీటర్ల ఎరీనా, నుదుటి మీద తెల్ల మచ్చ ఉన్న గుర్రం చుక్క.

మొదటి వీడియో 11 నిమిషాలు వచ్చింది. ఎరీనా చుట్టూ గుర్తుకి ఇంగ్లీషు అక్షరాల బోర్డులు ఉంటాయి: పొట్టి వైపుల మధ్యలో ఎదురెదురుగా ఎ, సి; పొడుగు వైపుల మధ్యలో ఇ, బి. ఫోన్‌ని ఎ అక్షరం దగ్గర కంచెకి ఆనించి వదిలేసి స్వారీ చేశాను. సాయంత్రం మేడం జవాబు: "ఎరీనా బాగుంది. గుర్రం ఏదీ?"

ఇంట్లో పెద్ద తెర మీద చూస్తే ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. లెక్క వేశాను. మామూలు లెన్స్‌తో 40 మీటర్ల దూరంలో దాదాపు 50 మీటర్ల వెడల్పు కనిపిస్తుంది. గుర్రం మూతి నుంచి తోక దాకా రెండున్నర మీటర్లు అనుకుందాం. 1920 పిక్సెళ్ల వెడల్పులో దాని వాటా వంద లోపే. నా పాదం పాతిక సెంటీమీటర్లు, అంటే పది పిక్సెళ్లు. మడమ కిందికి దిగిందా లేదా అన్నది ఆ పది పిక్సెళ్లలో ఆవిడ చూసి చెప్పాలి!

3వ రోజు

దగ్గరికి వెళ్దాం అనుకున్నాం. మా పిల్ల (అక్క కూతురే) ఇ అక్షరం దగ్గర కంచెని ఆనుకుని నిలబడి, మొత్తం పట్టాలని 0.5 లెన్స్ పెట్టింది. చుక్క తల ఏనుగు తలంత, తోక ఎలుక తోకంత వచ్చాయి. ఫ్రేమ్ అంచుకి వచ్చేసరికి మెడ సాగిపోయింది. ఇలాంటి వీడియో చూసి మెడ ఎలా ఉందో చెప్పమని ఎవర్నీ అడగకూడదు.

కాబట్టి దూరంగా నిలబడి దగ్గరికి లాగాలి. 12 నుంచి 15 మీటర్ల దూరం, 2x లెన్స్, గుర్రం ఫ్రేమ్‌లో దాదాపు మూడో వంతు వెడల్పు. ముక్కు ముందు కాస్త ఖాళీ వదలాలి, లేకపోతే గుర్రం ఫ్రేమ్ అంచుని తోసుకుంటూ పోతున్నట్టు ఉంటుంది. మా ఫోన్‌లో 2x దాటితే అది నిజం జూమ్ కాదు, ఉన్న బొమ్మని సాగదీయడమే. కాబట్టి అక్కడితో ఆగిపోయాం.

ఆ తర్వాత చేసిన చిన్న పరీక్ష ఈ రోజంతటికీ విలువైనది. పక్కనుంచి చూస్తే రౌతు చెవి, భుజం, తుంటి, మడమ ఒకే నిలువు గీత మీద ఉండాలని మొదటి పాఠంలోనే చెబుతారు. చుక్కని ఇ దగ్గర నిలబెట్టి, నేను కదలకుండా కూర్చున్నాను. మా పిల్ల నాకు సరిగ్గా లంబంగా నిలబడి ఒక ఫోటో తీసింది. తర్వాత నాలుగడుగులు వెనక్కి జరిగి, అంటే చుక్క తోకవైపుకి వెళ్లి, ఇంకోటి. మొదటి ఫోటోలో నేను ముందుకి వంగి ఉన్నాను, మడమ గీతకి వెనకాల ఉంది. రెండో దాంట్లో అంతా బ్రహ్మాండంగా ఉంది. మనిషి మారలేదు, కూర్చోవడం మారలేదు. పాత వీడియోల్లో బాగా కూర్చున్నానని మురిసిపోయినవన్నీ ఏ మూల నుంచి తీసినవో ఇప్పుడు తెలుస్తోంది.

ఎత్తు సంగతీ అంతే. కింద కూర్చుని తీస్తే చుక్క కొండలా, తల పైకెత్తినట్టు కనిపిస్తుంది. చేయి పైకెత్తి తీస్తే కాళ్లు కురచగా వస్తాయి. నేల నుంచి మీటరుంపావు, దాదాపు గుర్రం పొట్ట ఎత్తు అని ఖాయం చేసుకుని ట్రైపాడ్ కాలికి ఎర్ర టేపు చుట్టాం.

6వ రోజు

చుక్కది ముదురు గోధుమ రంగు, మూడు కాళ్లు నలుపు. సాయంత్రం ఐదున్నరకి సూర్యుడు దాని వెనకాల ఉన్నప్పుడు తీస్తే వీడియోలో ఉన్నది నీడబొమ్మ. మోకాలు ఎక్కడుందో, పాదం పెట్టే రికాబు ఎక్కడుందో దేవుడికే తెలియాలి. సూర్యుడు తీసేవాళ్ల వీపు వెనక ఉండాలి, అంతే. పైగా ఆకాశం ఎక్కువగా ఫ్రేమ్‌లోకి వస్తే ఫోన్ వెంటనే అంతా చీకటి చేసేస్తుంది. తెర మీద చుక్క పొట్ట దగ్గర వేలు పెట్టి కాసేపు నొక్కి ఉంచితే వెలుగూ ఫోకసూ అక్కడే లాక్ అవుతాయి. ఆ పని మర్చిపోతే మబ్బు కదిలినప్పుడల్లా గుర్రం రంగు మారుతుంది.

ఫ్రేముల గురించి మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. ట్రాట్‌లో, అంటే నడక కన్నా వేగంగా దౌడు కన్నా నెమ్మదిగా వెళ్లేటప్పుడు, చుక్క నిమిషానికి 75 పూర్తి అంగలు వేస్తుంది, అంటే ఒక్కో అంగకి 0.8 సెకను. సెకనుకి 30 ఫ్రేములతో తీస్తే అంగకి 24 బొమ్మలు. గిట్ట నేలని తాకే క్షణం వాటి మధ్యలో ఎక్కడో జారిపోతుంది. 60 పెడితే 48, స్లో మోషన్‌లో 120 పెడితే 96. షట్టర్ కూడా సెకనులో వెయ్యో వంతుకి దించాను, లేకపోతే గిట్టలు మసకబారి నాలుగు మరకల్లా వస్తున్నాయి.

1878లో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ ఇదే పనికి 12 కెమెరాలు వరసగా పెట్టాల్సి వచ్చింది. గుర్రం పరుగెత్తుతుంటే దారికి అడ్డంగా ఉన్న దారాలు తెగి ఒక్కో కెమెరా పనిచేసేది. డబ్బు పెట్టినవాడు లీలాండ్ స్టాన్‌ఫర్డ్, పరుగెత్తిన గుర్రం పేరు శాలీ గార్డ్‌నర్. దౌడులో నాలుగు కాళ్లూ ఒకేసారి గాల్లో ఉంటాయని దాంతో తేలింది. అదీ చిత్రకారులు వేసినట్టు కాళ్లు ముందుకీ వెనక్కీ చాపినప్పుడు కాదు, పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు. అంటే తరతరాలుగా గుర్రాల మధ్యే బతికిన జనానికి కూడా కళ్ల ముందు జరిగేది కనిపించలేదన్నమాట. నాకు నా మడమ కనిపించలేదంటే ఆశ్చర్యం ఏముంది?

స్లో మోషన్ చూసి మురిసిపోయి ఆ రోజు మొత్తం స్లో మోషనే పంపాను. మేడం ఫోన్ చేశారు. "అందంగా ఉంది. కానీ లయ పోయింది. నెమ్మదిగా చూపిస్తే ప్రతి గుర్రమూ తేలుతూనే నడుస్తుంది. మామూలు వేగంలో పంపు. నాకు అనుమానం వచ్చిన చోట నేనే నెమ్మది చేసుకుంటా." ఇక నుంచి 60 ఫ్రేములు, మామూలు వేగం. స్లో మోషన్ అడిగితేనే.

8వ రోజు

పడలేదు, కానీ ఎడమ రికాబు వదిలేశాను.

సి వైపు మూల తిరుగుతున్నాం. ట్రైపాడ్‌కి తగిలించిన నల్ల సంచి గాలికి ఒక్కసారి ఎగిరింది. అదే క్షణంలో వంగి బూటు లేసు కట్టుకుంటున్న మా పిల్ల లేచి నిలబడింది. గుర్రానికి కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి కాబట్టి దాదాపు చుట్టూ అంతా కనిపిస్తుంది. నుదుటికి సరిగ్గా ముందూ, తోకకి సరిగ్గా వెనకా మాత్రం కనిపించదు. లేని మనిషి ఉన్నట్టుండి మొలిస్తే అది ఆలోచించదు, పక్కకి గెంతుతుంది. చుక్క ఒక్క గెంతులో మూడు మీటర్లు జరిగింది. నేను మెడ మీద వాలి జూలు పట్టుకున్నాను.

అదంతా వీడియోలో ఉంది, చాలా స్పష్టంగా. లంబకోణంలో, సరైన వెలుగులో.

స్వారీ ఆపి, చుక్కని పగ్గంతో నడిపించుకుంటూ ట్రైపాడ్ దగ్గరికి తీసుకెళ్లాం. మూడు సార్లు బుసకొట్టింది, నాలుగోసారి వాసన చూసింది, ఐదోసారి నాకబోయింది. రెండు రోజులు ఫోన్ లేకుండా ఉత్త ట్రైపాడ్‌ని ఎరీనాలో ఉంచేద్దాం అనుకున్నాం. మా పిల్లకి నియమాలు: సంచి వద్దు. మూలల్లో నిలబడవద్దు. గుర్రం వెనక నుంచి రావద్దు. కూర్చుంటే కూర్చునే ఉండు, నిలబడితే నిలబడే ఉండు. ఫోన్ తెరనే చూస్తూ ఉండిపోకు, గుర్రం నీ వైపు వస్తే వీడియో గాలికి వదిలేసి తప్పుకో.

"మరి నువ్వు పడిపోతే తియ్యనా, ఆపనా పిన్నీ?" అని అడిగింది. దానికి ఇంకా జవాబు చెప్పలేదు.

11వ రోజు

పిల్ల లేదు, పరీక్ష ఫారం పని మీద వెళ్లింది. ఒక్కదాన్నే తీసుకోవాలి. ట్రైపాడ్‌ని ఎ వెనకాల మధ్య గీత మీద పెట్టాను. ఫ్రేమ్‌లో సరిగ్గా ఉన్నానో లేదో జీను మీద నుంచే కనబడాలని ముందు కెమెరా ఆన్ చేశాను. సెల్ఫీ కెమెరా. మధ్య గీత మీద సి వైపుకి ట్రాట్‌లో వెళ్లడం, అంటే వీపు చూపిస్తూ వెళ్లడం, ఆరు సార్లు. వెనక నుంచి తీస్తే నడుము ఒరుగుతోందా, గుర్రం వెనక కాళ్లు ముందు కాళ్ల దారిలోనే పడుతున్నాయా అన్నవి బాగా తెలుస్తాయి.

మేడం జవాబు రాత్రికే వచ్చింది. "ఎడమ పక్క నడుము ముడుచుకుపోతోంది. అటువైపు ఒళ్లు పొడుగు చేసి కూర్చో. రోజూ పది నిమిషాలు అదే ధ్యాస."

15వ రోజు

నాలుగు రోజులుగా ఎడమ పక్క సాగదీసి సాగదీసి కూర్చుంటున్నాను. చుక్క ఎప్పుడూ లేనిది కుడి వైపు తిరగనంటోంది. నిన్న కుడి సర్కిల్‌లో తల బయటికి పెట్టి, భుజంతో నన్ను లోపలికి తోసుకుంటూ వచ్చింది. నా నడుము నొప్పి వేరే కథ. మేడంకి ఫోన్ చేసి మొత్తుకున్నాను. "నేను చూసింది చూసినట్టే చెప్పాను" అన్నారు కాస్త గట్టిగానే.

ఇద్దరికీ కోపాలు వచ్చాక, మా పిల్ల అరటి తొక్కలా సోఫాలో పడి ఆ పాత వీడియో చూస్తూ ఉన్నట్టుండి అంది: "పిన్నీ, చుక్కకి తెల్ల కాలు ఎడమది కదా?"

ఎడమదే. వెనక ఎడమ కాలు, మడమ దాకా మేజోడు తొడిగినట్టు తెలుపు.

"ఇందులో కుడిది."

చూశాను. తెల్లకాలు కుడివైపు ఉంది. ముందు కెమెరా అద్దంలా తిప్పి తీసింది, ఫోన్ దాన్ని అలాగే దాచుకుంది. సెట్టింగుల్లో దానికో బటన్ ఉంది, ఆన్‌లో ఉంది. నా కుడి పక్క ముడుచుకుపోతోంది. నేనేమో నాలుగు రోజులు ఎడమని సాగదీసి కుడిని ఇంకా ముడిచాను. పాపం చుక్క.

మరి అక్షరాల బోర్డులు తిరగబడి కనిపించాలి కదా అనుకుంటారు. మాకూ అదే అనుమానం వచ్చింది. ఆ ఫ్రేమ్‌లో ఉండాల్సిన అక్షరాలు మూడు: హెచ్, సి, ఎమ్. ఇంగ్లీషు హెచ్‌ని, ఎమ్‌ని అద్దంలో చూసినా అలాగే ఉంటాయి. పట్టించాల్సింది సి ఒక్కటే. ఆ బోర్డు అప్పటికే గాలికి పడిపోయి రెండు రోజులైంది, నేనే "తర్వాత పెడదాంలే" అనుకున్నాను. ఎ నుంచి చూస్తే హెచ్ ఎడమ పక్క, ఎమ్ కుడి పక్క ఉండాలి. అవి తారుమారైన సంగతి అటు మేడమూ గమనించలేదు, ఇటు నేనూ గమనించలేదు.

మేడంకి చెప్పాను. చాలాసేపు నవ్వి, "ఇక మీద ప్రతి వీడియో మొదట్లో నీ ఎడమ చెయ్యి ఎత్తి 'ఎడమ' అని నోటితో చెప్పు" అన్నారు. చంటిపిల్లల బడిలా ఉంది కానీ చేస్తున్నాను.

16వ రోజు

మధ్య గీత సంగతి ఎటూ వచ్చింది కాబట్టి. వెనక నుంచి లేదా ముందు నుంచి తీసేటప్పుడు కెమెరా సరిగ్గా గీత మీద ఉండాలి. ఒక మీటరు పక్కకి జరిగితే 40 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు తేడా డిగ్రీన్నర కూడా రాదు. గుర్రం పది మీటర్లలోకి వచ్చేసరికి అదే తేడా దాదాపు ఆరు డిగ్రీలు అవుతుంది. తిన్నగా వచ్చే గుర్రం దగ్గరికి వచ్చేకొద్దీ వంకరగా అవుతున్నట్టు కనిపిస్తుంది. గతవారం "చివర్లో తుంటి పక్కకి పోతోంది" అని మేడం అన్న మాట బహుశా మా ట్రైపాడ్ పుణ్యమే. ఎ నుంచి సి దాకా తాడు లాగి, ట్రైపాడ్ మధ్య కాలు తాడు మీద పెట్టి మళ్లీ తీశాం. తుంటి తిన్నగానే ఉంది. నా కుడి పక్క మాత్రం ముడుచుకునే ఉంది.

17వ రోజు

వాన. లెన్స్ తుడిచాను. దాని మీద నా బొటనవేలి జిడ్డు ఎన్నాళ్లుగా ఉందో!

19వ రోజు

20 మీటర్ల సర్కిల్‌ని ఎక్కడి నుంచి తీయాలి? బయట కంచె దగ్గర నుంచి తీస్తే గుర్రం ఒకసారి ముక్కు మీదికి వస్తుంది, ఇంకోసారి పాతిక మీటర్ల అవతల ఉంటుంది. జూమ్ చేసుకుంటూ, వదులుకుంటూ పిల్ల వేళ్లు నొప్పెట్టాయి. వీడియో చూస్తే నాకు తల తిరిగింది.

సర్కిల్ మధ్యలో నిలబడితే గుర్రం ఎప్పుడూ పది మీటర్ల దూరంలోనే, ఎప్పుడూ పక్క నుంచే కనిపిస్తుంది. జూమ్ ముట్టుకోనక్కర్లేదు. పాదాలు మార్చుకుంటూ దానితోపాటు తిరగాలి, అంతే. ఎనిమిది చుట్లయ్యాక ఆగి ఇంకోవైపుకి తిరగాలి, లేకపోతే తీసేవాళ్లకి కళ్లు తిరుగుతాయి. అనుభవం మీద చెబుతున్నాను, ఆ ఎనిమిదీ నేనే లెక్కపెట్టాను, పిల్లని గుర్రమెక్కించి.

ఇందులో ఒక లోపం: కనిపించేది లోపలి పక్క మాత్రమే. బయటి పగ్గం ఎలా పట్టుకున్నానో, బయటి కాలు ఎక్కడుందో తెలీదు. ట్రాట్‌లో లేచి కూర్చునేటప్పుడు సరైన డయాగనల్ (ఒకేసారి కదిలే ఎదురుమూల కాళ్ల జత) మీద ఉన్నానో లేదో కూడా గుర్రం బయటి భుజాన్ని బట్టే చెప్పాలి. అది ముందుకి వెళ్లేటప్పుడు రౌతు లేవాలి. కాబట్టి రెండు చుట్లు లోపల నుంచి, రెండు చుట్లు బయట నుంచి. ఎరీనా మధ్యలో మనిషి ఉండాలంటే గుర్రం అలవాటుపడినదై ఉండాలి, ఇంకో గుర్రం లోపల ఉండకూడదు. 8వ రోజు తర్వాత ఈ విషయంలో నేను మొండిదాన్ని.

22వ రోజు

ధ్వని గురించి ఇన్నాళ్లూ ఆలోచించనే లేదు. గాలి హోరు తప్ప వీడియోల్లో ఏమీ లేదు. మేడం అడిగారు: "నడక అంగకి నాలుగు గిట్ట దెబ్బలు, ట్రాట్ రెండు, క్యాంటర్ మూడు. నేను కళ్లు మూసుకుని వినేది అదే. నీ గాలి గోల మధ్య ఏం వినను?" (క్యాంటర్ అంటే ట్రాట్ కన్నా వేగం, దౌడు కన్నా నెమ్మది.)

చిన్న వైర్‌లెస్ మైకు కాలర్‌కి పెట్టుకుని, దానికి స్పాంజి తొడుగు వేశాను. మొదటి రోజు జాకెట్ రాపిడి తప్ప ఏం రాలేదు. హెల్మెట్ పట్టీకి మార్చాక గిట్టల చప్పుడు, చుక్క ఊపిరి, నా గొంతు మూడూ వచ్చాయి. ఇప్పుడు స్వారీ చేస్తూ నోటితో చెబుతున్నాను: "కుడి పగ్గం బరువుగా ఉంది", "ఇక్కడ వీపు బిగించింది", "ఇప్పుడు వదిలింది". చెప్పేటప్పుడు ఇంకో విషయం బయటపడింది. క్యాంటర్‌లోకి వెళ్లే ముందు నేను మాట ఆపేస్తున్నాను, ఊపిరి కూడా. మూడు వీడియోల్లో మూడుసార్లూ అదే చోట.

24వ రోజు

పంపడం గురించి. 4కె, 60 ఫ్రేములతో తీస్తే మా ఫోన్‌లో నిమిషానికి 400 ఎంబీ దాకా అవుతోంది. ఆరు నిమిషాలకి దాదాపు రెండున్నర జీబీ. ఆ రాత్రంతా అప్‌లోడ్. మెసేజిల్లో మామూలుగా పంపితే నలిగి నలిగి, అవతల చేరేసరికి చుక్కకి కాళ్లు మూడో నాలుగో తెలియనంత మసక. 1080, 60 ఫ్రేములు చాలు. ఫైలుని అలాగే లింకుగా పంపుతున్నాను.

ఇంకోటి. లింకు పంపాక "మొదట్లో సొల్లు ఎక్కువ ఉంది" అని నా ఫోన్‌లో 40 సెకన్లు కత్తిరించాను. మేడం "2:14 దగ్గర చెయ్యి చూడు" అంటే నేను నా 2:14 చూస్తున్నాను. పది నిమిషాలు వేర్వేరు చేతుల గురించి వాదించుకున్నాం. పంపిన ఫైలు ముట్టుకోకూడదు.

కత్తిరింపుల గురించే అసలు చివాట్లు పడింది మాత్రం వేరే. బాగా వచ్చిన ముక్కలు ఏరి అతికించి పంపుతున్నానని మేడం పట్టేశారు. "బాగున్నవే పంపితే నాకేం పని? చెడిపోయే ముందు పది సెకన్లు కావాలి నాకు. చెడిపోయినది కాదు, చెడిపోయే ముందు." ఇప్పటి నుంచి ఒక వీడియోకి ఒకే ప్రశ్న, ఆరు నిమిషాలు, మొదట్లో నోటితో తేదీ, ఎంతసేపు వార్మప్ అయింది, ప్రశ్న ఏమిటి. ప్రశ్న ముందే అనుకుంటే ట్రైపాడ్ ఎక్కడ పెట్టాలో దానంతట అదే తేలుతోంది. నడుము గురించైతే ఎ వెనక. మడమ గురించైతే ఇ ఎదురుగా. వంపు గురించైతే సర్కిల్ మధ్యలో. "ఎలా ఉంది మేడం?" అని అడిగే వీడియోకి ఎక్కడ నిలబడినా ఒకటే.

27వ రోజు

లైవ్ కాల్‌లో పాఠం. చెవిలో ఇయర్‌ఫోన్, మేడం గొంతు. ఆవిడ "ఇప్పుడు" అన్నది నాకు చేరేసరికి ఒక సెకను. క్యాంటర్‌లో ఆ సెకనులో చుక్క ఐదు మీటర్లు దాటిపోతుంది. మూల తిరిగాక "మూల తిరుగు" అని వినిపిస్తుంది. నిలబడి ఉన్నప్పుడూ నడకలోనూ పనికొస్తుంది, అంతకి మించి వద్దు.

మనిషి అక్కర్లేకుండా తనే తిరుగుతూ తీసే ట్రాకింగ్ స్టాండ్ ఒకటి అరువు తెచ్చాం. నాలుగు నిమిషాలు నన్ను తీసింది. తర్వాత కంచె అవతల మేస్తున్న తెల్ల గుర్రం నచ్చినట్టుంది, మిగతా పన్నెండు నిమిషాలూ దాన్నే తీసింది. మా పిల్ల తన ఉద్యోగం పోలేదని సంబరపడింది.

30వ రోజు

ఈ రోజు ప్రశ్న నా చేతుల గురించి. బి ఎదురుగా ట్రైపాడ్, పొడుగు వైపంతా ట్రాట్. చేతులు పైకీ కిందికీ ఆడుతున్నాయి, ఎందుకు? పంపాను.

మేడం గంటలో ఫోన్ చేశారు. చేతుల గురించి ఒక్క మాట లేదు. "నీ చేతులు చుక్క తలని అనుసరిస్తున్నాయి. తల ఎందుకు ఊగుతోందో చూశావా? దిగు. ఎక్కకు. గట్టి నేల మీద పగ్గం వదులుగా పట్టుకుని ఎవరితోనైనా పరిగెత్తించి తీసి పంపు. ముందు నుంచి, వెనక నుంచి, పక్క నుంచి."

ముందు కాలు నొప్పిగా ఉన్న గుర్రం, ఆ కాలు మోపినప్పుడు తల పైకెత్తుతుంది, బాగున్న కాలు మోపినప్పుడు కిందికి వాలుస్తుంది. బరువు తప్పించుకోవడానికి. లాయంలో పనిచేసే అబ్బాయి చుక్కని సిమెంటు దారి మీద పరిగెత్తించాడు. పిల్ల ముందు నిలబడి తీసింది. నేను ఊరికే చూస్తూ నిలబడ్డాను, నాకు ఏమీ తెలియలేదు. వీడియోలో, ధ్వనితో పాటు పెట్టి చూస్తే తెలిసింది. టక్ అన్న ఒక దెబ్బకి తల లేస్తోంది, ఇంకో దెబ్బకి దిగుతోంది. లేచేది ఎడమ ముంగాలి మీద. చాలా కొంచెం. ఎడమ అని ఈసారి తెల్లకాలు చూసి మరీ రాసుకున్నాను.

"వీడియో చూసి నేను మందు చెప్పను, డాక్టర్‌ని పిలువు" అన్నారు మేడం. డాక్టర్ వచ్చి గిట్ట అడుగున పటకారులాంటి దానితో చుట్టూ నొక్కుకుంటూ వచ్చారు. ఒక చోట చుక్క కాలు లాగేసుకుంది. రాయి తొక్కి లోపల కమిలింది. విశ్రాంతి చాలన్నారు. వెళ్లేముందు వీడియో తన ఫోన్‌కి పంపమన్నారు, తిరిగి చూసేటప్పుడు పోల్చుకోవడానికి.

పాత వీడియోలన్నీ రాత్రి తిరగేశాను. 28వ రోజు దాంట్లోనూ తల ఊపు ఉంది. రెండు రోజులు నొప్పి కాలి మీద నేను స్వారీ చేశాను. 26న లేదు.

39వ రోజు

విశ్రాంతి అయింది. మళ్లీ అదే సిమెంటు దారి, అదే ఎత్తు, అదే చోటు నుంచి వీడియో. డాక్టర్ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసి ఎక్కమన్నారు. నడకతో మొదలు.

41వ రోజు

పది నిమిషాలు ట్రాట్. వీడియో ఇంకా పంపనే లేదు, మా పిల్ల కంచె అవతల నుంచి అరిచింది: "పిన్నీ, కుడి పక్క ముడిచావు!" ఫోన్ తెర మీద చూసి కాదు, కళ్లతో చూసి. మేడంకి ఈ మాట చెబితే "దానికి నా ఫీజులో సగం ఇవ్వు" అన్నారు.

42వ రోజు

వచ్చే వారం మేడం ఒక పూర్తి డ్రెస్సాజ్ టెస్ట్ (ముందే నిర్ణయించిన కదలికల్ని వరసగా చేసి చూపించే స్వారీ పరీక్ష) తీసి పంపమన్నారు. ఆన్‌లైన్ పోటీలకి అడిగే పద్ధతిలోనే: జడ్జి కూర్చునే సి దగ్గర కెమెరా, మొదటి సెల్యూట్ నుంచి చివరి సెల్యూట్ దాకా ఒకే ముక్క, మధ్యలో ఆపకూడదు, కత్తిరించకూడదు, అక్షరాలన్నీ కనిపించాలి. జూమ్ చేసేది పిల్లే. సి నుంచి తీస్తే గుర్రం ఎ వైపు ఉన్నప్పుడు మొదటి రోజులాగే చీమంత అవుతుంది కాబట్టి, దగ్గరికి వచ్చేకొద్దీ వేలు ఎంత నెమ్మదిగా కదపాలో నిన్నటి నుంచి వాళ్ల అమ్మని అటూ ఇటూ నడిపించి ప్రాక్టీసు చేస్తోంది. ఫోన్ ఛార్జింగ్, మెమరీలో ఖాళీ, కాల్స్ రాకుండా ఏరోప్లేన్ మోడ్, వెనక కెమెరా.

ఇవాళ సాయంత్రం ఇద్దరం ఎరీనా చుట్టూ తిరిగి బోర్డులన్నీ సరిచూశాం. సి బోర్డుని ఈసారి తీగతో కట్టాం.